అచ్చం నిజంలా ఉందట!

“అచ్చం నిజంలా ఉంది!”

పాలిమర్ క్లేతో చేసిన బుల్లి కూరగాయల బుట్ట ఎవరు చూపించినా ముందు వినబడే మాట ఇదే. దాని వెనకే, కాస్త గొంతు తగ్గించి ఇంకో మాట: “ఎంత ఓపికో! బాగా ఖాళీగా ఉన్నట్టున్నారు.” మొదటిది మెచ్చుకోలనీ రెండోది వెక్కిరింతనీ అందరూ అనుకుంటారు. నా లెక్కలో రెండూ ఒకటే. మొదటాయన బొమ్మని దాటేసి కూరగాయని చూశాడు. రెండో ఆయన బొమ్మని దాటేసి, చేసినావిడ తీరికని చూశాడు. మధ్యలో ఆరు మిల్లీమీటర్ల వంకాయ ఎవరూ చూడకుండా అలాగే ఉండిపోయింది.

ఈ వ్యాసం ఆ వంకాయ తరఫున వకాల్తా. వంకాయ తరఫున మాట్లాడుతున్నాను కదా అని, చేసేవాళ్ళు చేసిందల్లా బాగుందంటానని అనుకోకండి. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఈ పని తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పాలిమర్ క్లేకి పేరులో మట్టి ఉంది గానీ పదార్థంలో లేదు. అది పీవీసీ. మన ఇళ్ళలో నీళ్ళ గొట్టాలు చేసే ప్లాస్టిక్కే. దాన్ని సన్నటి పొడి చేసి, మెత్తగా ఉంచే ద్రవమొకటి కలిపి, రంగు చేర్చి ముద్దగా అమ్ముతారు. నీళ్ళుండవు కాబట్టి గాలికి ఎండదు. కంపెనీని బట్టి సుమారు 110 నుంచి 130 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉంచితే గట్టిపడుతుంది. వేడి బాగా ఎక్కువైతే మాడి, పీల్చకూడని పొగ వదులుతుంది. దీని పుట్టుకా బొమ్మలింట్లోనే. జర్మనీలో పేరుమోసిన బొమ్మల తయారీదారు కేథె క్రూజె కూతురు సోఫీ ఈ ముద్దని తీర్చిదిద్దింది. ఇంట్లో ఆమె ముద్దుపేరు ఫిఫి. 1960లలో ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ ఆమె దగ్గర దీన్ని తీసుకుని అమ్మకానికి పెట్టింది. ‘ఫిమో’ అన్న పేరులో ఆ ఫిఫి ఉంది. బొమ్మలకి తలలు చేసే ఇంట్లో పుట్టిన పదార్థం, బొమ్మల వంటింటికి కూరగాయలు చేసేదాకా వచ్చింది.

పనిముట్లంటారా, పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఓ సూది, ఓ బ్లేడు, టూత్‌పిక్కు, పాత టూత్‌బ్రష్షు, రంగు సుద్దముక్కల పొడి, మెత్తటి కుంచె. ముద్దని చేత్తో బాగా పిసికి మెత్తబరచాలి. ఆకారం తీయాలి. పచ్చిగా ఉండగానే సుద్దపొడి అద్ది నీడలు తేవాలి. తర్వాత ఓవెన్. చెప్పడానికి ఇంతే. చెయ్యడంలో ఉన్నదంతా ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఉంది.

‘అచ్చం నిజంలా’ సంగతి చూద్దాం. బొమ్మలిళ్ళ లోకంలో ఎక్కువగా నడిచే కొలత ఒకటికి పన్నెండు. అడుగు పొడుగున్నది అంగుళమవుతుంది. ఈ లెక్కన రెండడుగుల మునక్కాయ రెండంగుళాలు, దాని లావు ఒకటిన్నర మిల్లీమీటర్లు. పన్నెండు సెంటీమీటర్ల బెండకాయ ఒక్క సెంటీమీటరు. దొండకాయ అయిదు మిల్లీమీటర్లు, అంటే బియ్యపుగింజకి కాస్త అటూ ఇటూ. ఆవగింజ మిల్లీమీటరులో ఆరోవంతు. అది వేళ్ళకే కాదు, కంటిక్కూడా అందదు.

ఇప్పుడు నిజంగానే ‘అచ్చం’ కుదించారనుకోండి. కాకరకాయ మీది బుడిపెలన్నిటినీ లెక్క తప్పకుండా ఒకటిన్నర సెంటీమీటర్లలోకి తెస్తే బుడిపెలు కనబడవు, గరుకు కాగితం చుట్టినట్టు కనబడుతుంది. నల్ల వంకాయ రంగుని ఉన్నదున్నట్టు కలిపితే, ఆరు మిల్లీమీటర్లలో అది వంకాయ కాదు, మిరియపుగింజ. చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనబడుతుంది కాబట్టి తెలుపు కలిపి రంగుని తేల్చాలి. నిగనిగ కోసం వార్నిష్ పూస్తే దండలోంచి జారిన పూసలా ఉంటుంది, ఎందుకంటే వెలుగు మన కొలత ప్రకారం కుదించుకోదు. తెల్ల ముద్దతో ముల్లంగి చేస్తే సుద్దముక్క తయారవుతుంది. ముల్లంగి లోపలికి కొంత వెలుగు దిగుతుంది. అది రావాలంటే పారదర్శకమైన క్లే కలపాలి. అది కాలాక రంగు ముదురుతుంది, కాబట్టి కాలకముందు కంటికి బాగున్న రంగుని నమ్మకూడదు.

కాకరకాయ బాగా చేసిన మనిషి ఏం చేసింది మరి? వందల బుడిపెలు వదిలేసి ఓ పాతిక ఉంచింది. ఆ పాతికనీ లెక్కకి మించిన సైజులో పెట్టింది. వరసలు తప్పకుండా చూసింది, ఎందుకంటే కాకరకాయ బుడిపెలు చిందరవందరగా ఉండవు, కాయ పొడుగునా వరసలు కడతాయి. వరసకీ వరసకీ మధ్య గాడిలో రంగు ముదురు చేసింది. కొన దగ్గర కొంచెం వంపు తిప్పింది. కొలబద్ద పెట్టి చూస్తే అడుగడుగునా అబద్ధం. కళ్ళు పెట్టి చూస్తే కాకరకాయ.

ఈ పనికి ‘అచ్చం నిజంలా’ అని పేరు పెట్టడం, అది చేసిన మనిషి నిర్ణయాలన్నిటినీ కొట్టిపారెయ్యడమే. ఫొటో తీసినట్టుంది అని చిత్రకారుణ్ణి మెచ్చుకోవడం లాంటిది. మన సాహిత్యంలో ఈ గొడవ ఎప్పుడో తేల్చుకున్నాం. కథ అంటే కుదించిన నవల కాదని విమర్శకులు చెప్పీ చెప్పీ అలిసిపోయారు. ఏది వదిలేశాడో చూసి కథకుణ్ణి అంచనా కట్టాలని మనకి తెలుసు. ఆ తెలివి పేజీ మీద ఉన్నంతసేపూ ఉండి, బల్ల మీద బుల్లి బీరకాయ పెట్టగానే ఎటు పోతుందో అర్థం కాదు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ స్ట్రాస్ 1962లో అచ్చయిన ‘ది సావేజ్ మైండ్’ పుస్తకంలో చిన్న నమూనాల గురించి కాస్త మాట్లాడాడు. పెద్ద వస్తువుని ముక్కముక్కలుగా తెలుసుకుంటూ మొత్తానికి చేరతాం, చిన్నదాని విషయంలో మొత్తం ముందు దొరికి ముక్కలు తర్వాత దొరుకుతాయి అన్నది ఆయన వాదన సారాంశం. ఆకారం కుదించడంలో ఇంద్రియాలు పోగొట్టుకున్నది బుద్ధికి తిరిగి దొరుకుతుందని కూడా అంటాడు. బుల్లి వంకాయ వాసన రాదు, బరువుండదు, కూరకి పనికిరాదు. ఇన్ని పోయాక కూడా అది వంకాయేనని మనం ఒప్పుకుంటున్నామంటే, వంకాయని వంకాయ చేసేదేమిటో ఎవరో కనిపెట్టారన్నమాట. మెచ్చుకోవాల్సింది దాన్ని.

ఇక రెండో ఆయన దగ్గరికొద్దాం, ‘ఖాళీగా ఉన్నట్టున్నారు’ అన్నాయన దగ్గరికి.

తైపేలో నేషనల్ ప్యాలెస్ మ్యూజియం ఉంది. చైనా చక్రవర్తుల సంపదలో కొంత భాగం అక్కడికి చేరింది. ఆ మ్యూజియంలో జనం పోటీలుపడి చూసే వస్తువుల్లో ఒకటి క్యాబేజీ. పచ్చరాయితో చెక్కిన చైనా క్యాబేజీ, పొడుగు పంతొమ్మిది సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. రాయిలో సగం తెలుపు, సగం పచ్చ. పగుళ్ళూ మరకలూ ఉన్న రాయి. చెక్కినవాడు తెలుపుని కాడ చేశాడు, పచ్చని ఆకు చేశాడు, రాయిలో ఉన్న లోపాలని ఆకుల ఈనెల్లోకీ మడతల్లోకీ కలిపేశాడు, ఆకుల మీద రెండు పురుగుల్ని కూచోబెట్టాడు. చెక్కిందెవరో తెలీదు. ఆయన్ని ఖాళీగా ఉన్నాడని ఎవరూ అనలేదు, ఎందుకంటే అది రాజుగారి క్యాబేజీ.

ఇంగ్లండులో క్వీన్ మేరీ బొమ్మలిల్లు ఉంది. 1921 నుంచి 1924 దాకా కట్టారు. కొలత ఒకటికి పన్నెండు. పంపుల్లో నీళ్ళొస్తాయి, లిఫ్టు నడుస్తుంది. గ్రంథాలయంలోని బుల్లి పుస్తకాల్లో ఒకదాన్ని కోనన్ డాయిల్ స్వయంగా రాసిచ్చాడు. ఇంతకీ ఆ ఇల్లు డిజైన్ చేసింది ఎడ్విన్ లుట్యెన్స్. మన రాష్ట్రపతి భవన్, ఢిల్లీలో నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్ డిజైన్ చేసిన మనిషే. ఓ చేత్తో రాజధాని కడుతూ ఇంకో చేత్తో బొమ్మలిల్లు కట్టాడు. ఆయన్నీ ఎవరూ ఖాళీగా ఉన్నావా అనలేదు.

అంతదూరం ఎందుకు, నిర్మల్ వెళ్ళండి. అక్కడి నకాషీలు పొనికి కర్రని చెక్కి, చింతగింజల గుజ్జులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకులు కప్పి, నునుపు చేసి, రంగులేసి, తరాలుగా పళ్ళూ కూరగాయలూ చేస్తున్నారు. చేతిలోకి తీసుకునేదాకా అది కర్ర అని తెలీనంత పని. దాన్ని మనం ‘హస్తకళ’ అంటాం. అంటే ఎగ్జిబిషన్ స్టాలు దగ్గర నిలబడి, జతకి ఎంత తగ్గిస్తావని అడగొచ్చని అర్థం.

కూరగాయ అదే, చూపు అదే, నైపుణ్యం ఒకే జాతిది. రాజు కోసం చేస్తే సంపద, కులవృత్తిగా చేస్తే హస్తకళ, ఇంట్లో ఆడమనిషి మధ్యాహ్నం పూట భోజనాల బల్ల మీద చేస్తే కాలక్షేపం. ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు అన్నదాన్ని బట్టి పేరు పెడుతున్నాం. పని చూసి పెట్టడం లేదు. పైగా మనది విగ్రహాల ఎత్తు అడుగుల్లో చెప్పుకుని మురిసే కాలం. అడుగుల్లో కొలిచే అలవాటున్న కంటికి మిల్లీమీటర్లు ఆనవు.

ధర దగ్గర ఈ గుడ్డితనం మరీ పచ్చిగా బయటపడుతుంది. “ఇంత చిన్నదానికి అంతా?” అంటారు. ఏమండీ, కిలోల లెక్కన కొనడానికి ఇదేం రైతుబజారా? చిన్నదయినకొద్దీ కష్టం పెరుగుతుంది గానీ తగ్గదు. వంకాయ తొడిమకి అయిదు మొనలు తీసి, ఒక్కో మొననీ కాయకి అంటీ అంటనట్టు వంచి, వేలిముద్ర పడకుండా అతికించి చూడండి, ఆరు మిల్లీమీటర్ల కాయ మీద. వేలిముద్ర గీతలే కాయ మీద చారల్లా కనబడే సైజు అది. బంగారప్పని చేసేవాడి మజూరీ గురించి ఇలా అడగం. అక్కడ బంగారం ఉంది కాబట్టి నోరు మూసుకుంటాం.

ఇంతవరకూ చదివి, చేసేవాళ్ళు తలూపుతూ ఉంటారు. ఇప్పుడు వాళ్ళతో పేచీ.

మీ బుట్టలో ఏమున్నాయమ్మా? క్యారెట్టు. బ్రాకలీ. ఎర్ర క్యాప్సికం. నారింజరంగు గుమ్మడికాయ, అదీ పడమటి దేశాల్లో అక్టోబరు నెలాఖరున కళ్ళూ నోరూ చెక్కి దీపం పెట్టే రకం. పొట్టు తీసిన మొక్కజొన్న పొత్తు. పక్కన ఓ స్ట్రాబెర్రీ, అది కూరగాయ కాకపోయినా. హైదరాబాదులో చేసిన బుట్టయినా, అనకాపల్లిలో చేసిన బుట్టయినా, న్యూజెర్సీలో ఉన్న తెలుగావిడ చేసిన బుట్టయినా చాలామటుకు ఇదే వరస. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పాఠం చెప్పే వీడియోలు అక్కణ్ణుంచి వచ్చాయి. సిలికాన్ అచ్చులు ఆ కూరగాయలకే దొరుకుతున్నాయి. వాళ్ళు వాళ్ళ సంతలో కూరగాయలు చూసి చేశారు. మీరు వాళ్ళ వీడియో చూసి చేశారు. వాళ్ళకి కూరగాయ కనబడింది, మీకు వాళ్ళ బొమ్మ కనబడింది.

వండిన వంటల దగ్గర మనం ఈపాటికే బయటపడ్డాం, కాదనను. ఇడ్లీ ప్లేటు, దోసె, అరిటాకు భోజనం ఫ్రిజ్ మీద అతికించుకునే అయస్కాంతాలుగా బాగానే అమ్ముడుపోతున్నాయి. ఆ విస్తట్లో కూర దేంతో చేశారని అడగండి. పచ్చటి గుజ్జు, దాంట్లో రెండు ఎర్రచుక్కలు. అది దొండకాయ వేపుడో బీరకాయ కూరో చేసినవాళ్ళకే తెలీదు. వండకముందు కాయ ఎలా ఉంటుందో పట్టించుకోకపోతే వండాక ఏమవుతుందో ఎలా తెలుస్తుంది?

దొండకాయ ఎక్కడ? పొడుగునా పాలిపోయిన చారలుంటాయి, అవి కొన దగ్గరికొచ్చేసరికి సన్నబడిపోతాయి. ఆకుపచ్చ ముద్దలో తెల్లముద్ద తీగలు పెట్టి లాగితే ఆ చార దానంతటదే సన్నబడుతుంది. గాజు పూసల వాళ్ళు తరాలుగా వాడుతున్న కిటుకు, పాలిమర్ క్లే వాళ్ళందరికీ తెలిసిన కిటుకు, దొండకాయ కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. బీరకాయ ఎక్కడ? పది పక్కులు, మధ్యలో గరుకు. బెండకాయని కోసి చూపిస్తారు, అయిదు గదులతో చక్కటి నక్షత్రం. ఆ అడ్డకోత కోసమే పుట్టిన పద్ధతి ఉంది కదా మీకు, పొడుగు కడ్డీలో బొమ్మ పేర్చి బిళ్ళలు కోసేది. దాంతో నిమ్మకాయ చక్రాలూ కివీ ముక్కలూ వేలకి వేలు కోశారు. బెండకాయ చక్రాలు ఎన్ని కోశారు? పొట్లకాయ వంకర తిరక్కుండా కొసన రాయి కట్టి వేలాడదీస్తారు. ఆ రాయితో సహా చేస్తే అదొక పెరడు. చేమదుంప మీద ఉంగరాల్లాంటి గీతలూ పీచూ, కంద మీది మట్టి, నార కట్టిన తోటకూర కట్ట, కాడ ఎర్రగా ఉండే గోంగూర. అన్నట్టు మీ ఊళ్ళో దాన్ని పుంటికూర అంటారా? ఆనపకాయ అంటారా, సోరకాయ అంటారా? పేర్లే ఇన్ని రకాలుగా ఉన్న కాయల్ని వదిలిపెట్టి బ్రాకలీ చేస్తున్నారు.

ఇది దేశభక్తి ఉపన్యాసం అనుకునేవాళ్ళకి ఓ మాట. క్యారెట్టు మీద నాకు కోపం లేదు. టమాటా, పచ్చిమిరపకాయ కూడా సముద్రం దాటి వచ్చినవే, అవి లేకుండా ఇవాళ మన వంటిల్లు లేదు. తైపే క్యాబేజీ గొప్పదైతే హైదరాబాదు బ్రాకలీ ఎందుకు గొప్పది కాకూడదు? తప్పకుండా అవ్వొచ్చు, చేసిన మనిషి బ్రాకలీని చూసి ఉంటే. నా ఫిర్యాదు చూడకపోవడం మీద. తైపే శిల్పి రాయిని చూశాడు, క్యాబేజీని చూశాడు. మన మనిషి స్క్రీను చూసింది.

ఇందులో మరీ బాధ కలిగించే సంగతొకటుంది. కూరగాయని చూడ్డంలో ఈ బొమ్మలు చేసే ఆడవాళ్ళని మించిన నిపుణులు లేరు. పాతికేళ్ళపాటు వారానికి రెండుసార్లు కూరగాయలు కొన్న మనిషి కన్ను మామూలుది కాదు. బెండకాయ కొన విరిచి లేతదో ముదురుదో చెప్తుంది. ఆనపకాయ మీద నూగు ఉందో లేదో చూస్తుంది, అమ్మేవాడు అటు తిరిగితే గోరు గుచ్చి చూస్తుంది. వంకాయని పట్టుకుని ముందు తొడిమ వాడిందా లేదా చూస్తుంది, తర్వాత కాయ తిప్పి పుచ్చు కోసం చిల్లు వెతుకుతుంది. మునక్కాయ మెలితిప్పి చూస్తుంది. ఆర్టు కాలేజీలో ఏళ్ళ తరబడి స్టిల్ లైఫ్ గీసినవాడి దగ్గర ఈ చదువు ఉండదు. ఇంత చదువున్న మనిషి క్లే చేతిలోకి తీసుకోగానే తనకేమీ తెలీనట్టు, ఎప్పుడూ వంకాయ కొననివాళ్ళ వీడియో ముందు కూచుని, వాళ్ళు చెప్పిన ఊదారంగు వాళ్ళు చెప్పిన పాళ్ళలో కలుపుతుంది. తన కంటికి తనే విలువివ్వడం లేదు. ‘ఖాళీగా ఉన్నట్టున్నారు’ అన్నాయన మాటని ఆవిడ కూడా సగం నమ్మింది. ఇది కాలక్షేపమే అనుకున్న మనిషి పాఠం చూసి చేస్తుంది. పని అనుకున్న మనిషి బజారుకి వెళ్ళి చూసొస్తుంది.

వంకాయ మాటే తీసుకోండి. వీడియోల్లో వంకాయ ఒక్కటే: నల్లటిది, లావుపాటిది, పొడుగుది. మనకెన్ని? గుత్తివంకాయకి పనికొచ్చే గుండ్రటి చిన్నకాయ, కాల్చి పచ్చడి చేసుకునే పెద్దకాయ, తెల్లచారలది, పొడుగాటి పచ్చవంకాయ, తొడిమకి ముళ్ళుండి చెయ్యి గీరేది. 2010లో బీటీ వంకాయ మీద దేశమంతా చర్చ జరిగింది. కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఊరూరా ప్రజాభిప్రాయం విన్నారు, హైదరాబాదులో కూడా. ఆ ఏడు ఫిబ్రవరిలో మారటోరియం ప్రకటించారు. ఆ చర్చలో పదేపదే వచ్చిన మాట, వంకాయలో ఇన్ని రకాలున్న నేల ఇది, వాటి గతేమిటి అని. వంగడాన్ని కాపాడేది రైతులూ విత్తనాలూ. ఓ బుల్లి బొమ్మ దేన్నీ కాపాడదు, ఆ గొప్పలు నాకొద్దు. కానీ ఫలానా వంకాయ ఉండేదని గుర్తుండటానికి ఎవరో దాన్ని విడిగా చూసి ఉండాలి. అన్ని వంకాయల్నీ ఒకే అచ్చులో పోసిన చేతులు ఆ మరపుకి సాయం చేస్తున్నాయి. అది మాత్రం అనక తప్పదు.

“మేం చేసేది అమ్ముడుపోవాలి కదండీ, దొండకాయ ఎవరు కొంటారు?” అంటారు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇల్లు కొంటుంది. కొలువులో పల్లెటూరు పెడతారు, అంగడి పెడతారు, ఏటికొప్పాక లక్కపిడతలతో వంటిల్లు పెడతారు. ఆ అంగడిలో గంపల నిండా బ్రాకలీ ఉంటే చూసేవాళ్ళకి నవ్వు రాదూ? ఊరికి దూరంగా ఉండి కొలువు పెట్టుకునేవాళ్ళకి చిక్కుడుకాయ గంప కనబడితే క్షణం ఆగుతారు. నేను అమ్మకం లెక్కలు చెప్పలేను గానీ, అందరూ అమ్మేదే అమ్ముతూ ధర తగ్గించమంటున్నారని ఏడవడంలో అర్థం లేదని మాత్రం చెప్పగలను. అచ్చులోంచి వచ్చిన క్యారెట్టు మీదే కాదు, ఎవరిదైనా కావచ్చు. అందుకే దాని ధర పడిపోతుంది.

చివరిగా ప్లాస్టిక్ సంగతి. పర్యావరణం పేరు చెప్పి ఈ పనినే ఎగతాళి చేసేవాళ్ళున్నారు. రోజూ పాలప్యాకెట్టు కత్తిరించి కొస పారేసే మనిషి అరతులం బరువు లేని వంకాయకి పాఠం చెప్పడం నాకు నవ్వు తెప్పిస్తుంది. అయితే వాళ్ళు లేవనెత్తిన విషయం మాత్రం నిజం. ఇది మట్టి కాదు, పీవీసీ. ‘మట్టిబొమ్మలు’ అని అమ్మడం అబద్ధం. తినే గిన్నెలకి వాడకూడదు, చిన్నపిల్లల నోటికి అందకూడదు. మెత్తబరచడానికి కలిపే థాలేట్ల గురించి ఎంత గొడవ జరిగిందంటే, 2008లో అమెరికా చట్టం చేసి పిల్లల వస్తువుల్లో కొన్నిటికి 0.1 శాతం హద్దు పెట్టింది. ప్యాకెట్టు మీద రాసింది చదవకుండా, పేరూ ఊరూ లేని ముద్ద చవగ్గా దొరికిందని తెచ్చి పిల్లలకి క్లాసులు చెప్పేవాళ్ళని నేను వెనకేసుకు రాను.

అసలు కూరగాయ నాలుగు రోజుల్లో వాడిపోతుంది, పదిరోజుల్లో కుళ్ళిపోతుంది. మనం చేసినది కుళ్ళదు. అది చేసినవాళ్ళ తర్వాత కూడా ఎక్కడో డ్రాయరు మూల ఉంటుంది. నేలలో కలవని పదార్థంతో పని చేస్తున్నామంటే, పనికిమాలిన నూరు క్యారెట్లు చేసే హక్కు మనకి లేదని నా ఉద్దేశం. నాలుగు చెయ్యండి. చూసి చెయ్యండి. నిర్మల్ నకాషీకి పొనికి కర్ర దొరకడమే కష్టమైపోతోంది. ఆయన ముక్క వృథా కానివ్వడు. ప్యాకెట్టు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతోంది కదా అని మనం అచ్చులు నింపేస్తున్నాం.

కాబట్టి చేసేవాళ్ళకి నా వినతి చిన్నదే. ఈసారి కూరగాయలు కొన్నాక అన్నీ ఫ్రిజ్‌లో సర్దెయ్యకుండా ఒక్క కాయ బల్ల మీద పెట్టుకోండి. స్క్రీను ఆర్పేసి, ఆ కాయని నాలుగువైపులా తిప్పి చూసి, ఏది వదలాలో ఏది ఉంచాలో మీరే తేల్చుకోండి. మొదటిది బాగా రాదు. పదోది మీదవుతుంది.

చూసేవాళ్ళకి ఇంకా చిన్న వినతి. బుట్ట కనబడగానే నోటికొచ్చే ఆ మూడు మాటలూ ఒక్కసారి మింగండి. దానికి బదులు అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఇది గుత్తివంకాయదా, పచ్చడిదా? తొడిమ ఎందుకలా వాల్చారు, నిన్నటి కాయా? ఈ కాకరకాయకి బుడిపెలు ఎన్ని పెట్టారు, ఎన్ని మానేశారు? ఇలా అడిగితే ఆవిడ మీకు సమాధానం చెప్పగలదు. చెప్పలేకపోతే వచ్చేసారి చెప్పేలా చేసి తెస్తుంది.